రెండో గోల్‌కీపర్

హాస్టల్ వార్షికోత్సవ సంచికలో పూర్వ విద్యార్థుల వ్యాసాలు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. కష్టపడి చదివాం, ఉద్యోగం వచ్చింది, మీరూ చదవండి అని ఉంటుంది. అది తప్పని మేం అనడం లేదు. చదువుకునే రోజుల్లో ఆ మాటల్ని నోటుపుస్తకాల అట్టల మీద రాసుకున్న వాళ్లమే మేమూ. కానీ ఈసారి 2005 పదో తరగతి బ్యాచ్ తరఫున ఒక క్రీడాకారిణి గురించి రాయాలనుకున్నాం. ఆమె మన హాస్టల్ అమ్మాయి కాదు, మన జిల్లా కూడా కాదు. ఆమెను మాలో ఎవరమూ కలిసింది లేదు.

ఆమె పేరు ఎతిమరపు రజని. భారత మహిళా హాకీ జట్టుకు ఏళ్ల తరబడి గోల్‌కీపర్. రజని గారు అనాలి గానీ, మా ఈడుది కాబట్టి చనువుకొద్దీ రజని అనే రాస్తున్నాం. 1990 జూన్ 9న పుట్టింది. మాలో సగం మంది పుట్టింది కూడా ఆ ఏడాదే. ఊరు అప్పటి చిత్తూరు జిల్లా యర్రావారిపాళెం మండలంలోని ఒక చిన్న పల్లె. తండ్రి వడ్రంగి పని చేసేవారు. చిత్తూరు జిల్లా అంటే అదీ మామిడి సీమే. మనం కలెక్టర్ కాయ అనేదాన్నే అక్కడ తోతాపురి అంటారు, గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల్లో పోతుంది. మన నూజివీడుకేమో చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి. కాయ వేరు గానీ, మే నెలలో ఇంటిల్లిపాదీ తోటలో ఉండే బతుకు అక్కడా ఇక్కడా ఒకటే.

చెల్లెళ్లూ, మీలో చాలామందికి హాకీ అంటే పాఠ్యపుస్తకంలో ధ్యాన్‌చంద్ బొమ్మ వరకే తెలిసి ఉంటుంది. మన దగ్గర ఆడపిల్లలకు ఆట అంటే ఖోఖో, లేకపోతే కబడ్డీ. వాటికి ఖర్చుండదు. గీత గీసుకుంటే చాలు. మా కాలంలో మన హాస్టల్‌కు హాకీ ఎలా వచ్చిందంటే, మేం చదివే హైస్కూలుకు కొత్తగా వచ్చిన డ్రిల్లు మాస్టారు ఎక్కడి నుంచో పద్నాలుగు పాత కర్రలు తెచ్చారు. వాటిలో మూడు విరిగి, తీగతో కట్టి ఉన్నాయి. బంతులు రెండు. ఒకటి మొదటి వారంలోనే పక్క తోటలో పోయింది. రెండోది పోయిన రోజున రాలిన పచ్చికాయలతో ఆడాం. రెండు దెబ్బలకు కాయ చితికేది, సొన కర్రకు అంటుకుని జిగురు జిగురుగా ఉండేది. మూతి మీద సొన మచ్చలతో భోజనాల హాల్లోకి వస్తే వార్డెన్ మేడం, “ఆటకెళ్లారా, దొంగతనానికెళ్లారా?” అని అడిగేవారు. రెండూ నిజమే!

ఆటలో అందరికీ ముందు ఆడాలని ఉండేది. గోలు దగ్గర నిలబడడానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. ఆ బంతి సంగతి మీకు చెప్పాలి. క్రికెట్ బంతి అంత బరువే ఉంటుంది, 156 నుంచి 163 గ్రాములు. రాయిలా గట్టిది. గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. మన భోజనాల హాలు గుమ్మాలు మూడు పక్కపక్కన పెట్టినట్టు ఊహించుకోండి. అంత జాగాకు ఒక మనిషి అడ్డం. ఇక పెనాల్టీ కార్నర్ అయితే చెప్పనక్కర్లేదు. గోలు గీత వెనక గోల్‌కీపర్, ఇంకో నలుగురు నిలబడతారు. ఎదురుగా అవతలి జట్టు మొత్తం కాచుకుని ఉంటుంది. బంతి గీత దగ్గర నుంచి బయటికి వస్తుంది, ఒకరు ఆపుతారు, ఇంకొకరు విసురుగా లాగి కొడతారు. పెద్ద ఆటల్లో ఆ దెబ్బ గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. చూసి ఆపడమనేది ఉండదు. కొట్టేవాళ్ల భుజం ఎటు తిరిగిందో చూసి ముందే ఒళ్లు అటు పడేయాలి.

మా బ్యాచ్‌లో ఒకే ఒక్కతి తనంతట తానుగా గోలు దగ్గర నిలబడింది. ఈ సంచికలో తన పేరు రాయొద్దని గట్టిగా చెప్పింది కనుక రాయడం లేదు. మా బ్యాచ్ వాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. తోట పని ఎరిగిన పిల్ల. కోతకాలంలో పెద్దవాళ్లు చెట్టెక్కి కాయ తెంపి వదిలితే, కింద గోనెపట్టా పట్టుకుని అది నేలను తాకకుండా అందుకోవడం చిన్నప్పటి నుంచీ ఆమె పని. దెబ్బ తగిలిన కాయ రెండు రోజులకు నల్లబడుతుంది, గ్రేడు పోతుంది, రేటు పోతుంది. అందుకని పైనుంచి ఏ కొమ్మ కదిలినా ఆమె కళ్లు అటే పోయేవి. ఆ కళ్లే గోలు దగ్గర పనికొచ్చాయి. సామగ్రి ఏమీ లేదు. చిరిగిన బొంతను రెండు ముక్కలు చేసి, మడతలు పెట్టి, మోకాళ్ల దాకా గోనె పురికొసతో కట్టుకునేది. తలకు డ్రిల్లు మాస్టారి స్కూటరు హెల్మెట్. అది పెద్దదై బంతి వచ్చిన ప్రతిసారీ కళ్ల మీదికి జారేది. మేం పకపకా నవ్వేవాళ్లం. ఆమె హెల్మెట్ తీసి పక్కన పెట్టి ఆడేది, మాస్టారు తిట్టేవారు, మళ్లీ పెట్టుకునేది.

తొమ్మిదో తరగతిలో ఉండగా జిల్లా జట్టుకు ఎంపికలు జరిగాయి. అప్పటికి నూజివీడు కృష్ణా జిల్లాలోదే. మనం ఏలూరు జిల్లాలోకి వెళ్లింది 2022 ఏప్రిల్‌లో. ఎంపికలకు మా నుంచి ఐదుగురం వెళితే ఆమె ఒక్కతే తీసుకోబడింది, అదీ రెండో గోల్‌కీపర్‌గా. మొదటి కీపర్ ఒక పట్నం స్కూలు అమ్మాయి. బాగా ఆడేది, కాదనం. జట్టు మొత్తానికి కీపర్ ప్యాడ్లు ఒక్క జతే ఉన్నాయి. మొదటి అమ్మాయికి దెబ్బ తగిలితే ఆ ప్యాడ్లు విప్పి ఈమెకు కట్టాలన్నమాట. దెబ్బ తగల్లేదు. మూడు రోజులు గీత అవతల కూర్చుని, నీళ్ల సీసాలు అందించి, “పాల్గొన్నందుకు” అని రాసిన సర్టిఫికెట్ తెచ్చుకుంది. ట్రంకు పెట్టె మూత లోపలి వైపు అన్నం మెతుకులతో అంటించుకుంది దాన్ని.

ఆ తర్వాత అసలు సంగతి వచ్చింది. జిల్లా జట్టులో ఉన్నవాళ్లకు మే నెలంతా వేసవి శిక్షణ శిబిరం, భోజనం వసతి ఉచితం అని స్కూలుకు కాగితం వచ్చింది. కానీ మే నెల! పూత డిసెంబరు, జనవరుల్లో వస్తుంది. మంచు పురుగు, చీడ అన్నీ దాటి పిందె నిలవాలి. ఏప్రిల్ నుంచి కోత మొదలై, మేలో ముమ్మరమవుతుంది. ఆమె నాన్న ఆ ఏడాది అప్పు చేసి చిన్న తోట కౌలుకు తీసుకున్నాడు. ఒక్క రాత్రి గాలిదుమారం వస్తే చెట్టు మీద ఉన్న డబ్బంతా నేల మీద పడుతుంది. రాలిన కాయను పచ్చడికి కూడా బేరమాడి అడుగుతారు. అందుకని ఇంట్లో ఉన్న ప్రతి రెండు చేతులూ తోటలో ఉండాల్సిందే.

చివరి పరీక్ష రోజున ఆయన హాస్టల్‌కు వచ్చి వరండాలో నిలబడి వార్డెన్ మేడంతో అన్న మాట మాకు ఈనాటికీ గుర్తు. “మేడం గారూ, పిల్లని ఆడొద్దని నేననటం లేదండి. జూన్‌లో ఆడమనండి, ఎన్ని రోజులైనా ఆడమనండి. మే నెల మా చేతిలో ఉండదండి, కాయ చేతిలో ఉంటది.” మేడం ఏమీ అనలేదు. ఏమంటారు? ఆయన కూతుర్ని చదివించడానికి హాస్టల్లో వేసిన మనిషి. ఊళ్లో ఆమెతో పాటు ఐదో తరగతి చదివిన ఆడపిల్లల్లో హైస్కూలు దాకా వచ్చింది ఇద్దరే. ఆయన మీద మాకు కోపం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఆమె పెట్టె సర్దుకుని వెళ్లింది. బొంత ప్యాడ్లు మా మంచం కింద వదిలేసింది. జూన్‌లో వచ్చింది, పదో తరగతి హడావుడిలో ఆట తగ్గింది, మాస్టారికి బదిలీ అయింది. కర్రలు స్టోర్ రూములోకి వెళ్లాయి.

మేం రజని పేరు మొదటిసారి పేపర్లో చూసింది 2016లో, రియో ఒలింపిక్స్ ముందు. భారత మహిళా హాకీ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత సాధించడం 36 ఏళ్ల తర్వాత అదే. అంతకు ముందు 1980 మాస్కోలో ఆడింది, అంతే. తెలుగువాళ్లలో మగవాళ్ల జట్టుకు ఆడిన హైదరాబాద్ ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 అని వరసగా మూడు ఒలింపిక్స్ చూశారు. మహిళల్లో మన రాష్ట్రం నుంచి ఒక పల్లెటూరి అమ్మాయి ఆ మెట్టు దాకా వెళ్లిందంటే చిన్న విషయమా! అయితే రియోకు ప్రకటించిన 16 మందిలో గోల్‌కీపర్ ఒక్కరే. హర్యానాకు చెందిన సవితా పూనియా. రజని స్టాండ్‌బై. అంటే జట్టులో ఉన్నట్టూ, లేనట్టూ.

ఇక్కడ ఒక విచిత్రం చూడండి. సవిత పుట్టింది 1990 జూలై 11న. రజని కంటే నెలా రెండు రోజులు చిన్న. ఒకే ఏడాది, ఒకే దేశంలో ఇద్దరు గోల్‌కీపర్లు పుట్టారు, గోలు మాత్రం ఒక్కటే. ముందు ఆడేవాళ్లయితే పది స్థానాలుంటాయి, ఇటు కాకపోతే అటు సర్దుకోవచ్చు. మ్యాచ్ మధ్యలో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. గోల్‌కీపర్‌కు సాధారణంగా ఆ అవకాశం రాదు. మొదటి కీపర్ బాగా ఆడుతున్నంతసేపూ రెండో కీపర్‌కు పని పడదు. సవితేమో మామూలుగా ఆడలేదు, ప్రపంచంలోనే మేటి కీపర్లలో ఒకరయింది. మరి రజని ఏం చేసింది? మానేసి ఇంటికి పోలేదు. 2017లో జపాన్‌లోని కకామిగహరాలో ఆసియా కప్ గెలిచిన జట్టులో ఉంది. 2018లో లండన్ ప్రపంచ కప్‌కూ, జకార్తా ఆసియా క్రీడలకూ వెళ్లింది, ఆసియా క్రీడల్లో రజతం వచ్చింది. ఫైనల్లో జపాన్ చేతిలో 1-2 తేడాతో ఓడారు. పతకాల వేళ ఫొటోల్లో రజని కనిపిస్తుంది. ఆట మధ్యలో తీసిన ఫొటోల్లో కనిపించేది ఎక్కువగా సవితే.

రెండో కీపర్ ఊరికే కూర్చుంటుందని అనుకోకండి. రోజూ సాధనలో మన జట్టు వాళ్లే కొట్టే బంతులకు ఎదురు నిలబడేది కీపర్లే. గుర్జీత్ కౌర్ లాంటి డ్రాగ్ ఫ్లిక్కర్ పదును పెట్టుకోవాలంటే అవతల గోలులో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి గట్టిగా ఆపాలి. సాధనలో తేలిగ్గా గోలు పడిపోతే మ్యాచ్‌లో అది గోలు కాదు. ఈ లెక్క స్కోరు బోర్డు మీద ఎక్కడా పడదు.

2021 టోక్యో సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడారు. ఐర్లాండ్ మీద 1-0, దక్షిణాఫ్రికా మీద 4-3 గెలిచి క్వార్టర్ ఫైనల్ చేరారు. ఆగస్టు 2న ఆస్ట్రేలియా మీద గుర్జీత్ ఒక్క గోలు కొట్టింది, సవిత మిగతా మ్యాచ్ అంతా గోడలా నిలబడింది. భారత మహిళలు ఒలింపిక్ సెమీఫైనల్ చేరడం అదే మొదటిసారి. అర్జెంటీనా చేతిలో 1-2 ఓడాక, ఆగస్టు 6 ఉదయం కాంస్యం కోసం బ్రిటన్‌తో ఆట. మా బ్యాచ్ వాళ్లం ఎక్కడెక్కడో ఉండి ఫోన్లలో ఒకరికొకరం చెప్పుకుంటూ చూశాం. ఒకరు గన్నవరంలో బస్సులో, ఒకరు హైదరాబాద్‌లో డ్యూటీలో, ఒకరు వంటింట్లో. 0-2 వెనకబడి, 3-2 ముందుకొచ్చి, చివరికి 3-4తో ఓడిపోయారు. సవిత ఏడుస్తుంటే మేమూ ఏడ్చాం.

అప్పుడు ఫోన్ చేసింది మా గోల్‌కీపర్. ఆమె ఇప్పుడు ఆగిరిపల్లి వైపు మామిడి కోత ముఠాకు మేస్త్రీ. పాతిక మందిని నడిపిస్తుంది, మగవాళ్లు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పరు. ఫోన్ ఎత్తగానే ఓడిపోయారనో, అయ్యో అనో అనలేదు. “టీవీలో సవితని చూపిస్తున్నారు, అందర్నీ చూపిస్తున్నారు. రజనిని ఒక్కసారి కూడా చూపించలేదేంటే?” అంది.

రజని టోక్యోకు రిజర్వు గోల్‌కీపర్‌గా వెళ్లింది. ఆడే అవకాశం రాలేదు. ఆ మాట చెబితే, “తెలుసు. అందుకే అడుగుతున్నా” అంది. మా దగ్గర జవాబు లేదు.

ఆ ఆగస్టులోనే మన రాష్ట్ర ప్రభుత్వం రజనికి 25 లక్షల రూపాయల నగదు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. పేపరు ముక్క కత్తిరించి మా గ్రూపులో పెట్టింది కూడా మా మేస్త్రీయే. మరుసటి ఏడాది జూలైలో ప్రపంచ కప్ జట్టులో రజనికి చోటు లేదు, రెండో కీపర్‌గా మణిపూర్ అమ్మాయి బిచూ దేవి వెళ్లింది. రెండో స్థానం కూడా పోయిందన్నమాట. అయిపోయిందనుకున్నాం. నెల తిరక్కుండా బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల జట్టులో మళ్లీ రజని పేరు! ఆ జట్టు కాంస్యం తెచ్చింది.

ఇంకొకటి. అయిదుగురితో ఆడే హాకీ ఒకటి ఉంది, హాకీ ఫైవ్స్ అంటారు. చిన్న మైదానం, పదేసి నిమిషాల రెండు భాగాలు. ఎక్కడి నుంచైనా గోలు కొట్టొచ్చు కాబట్టి కీపర్‌కు ఊపిరి తీసుకునే తీరికుండదు. 2022 జూన్‌లో లోసాన్‌లో జరిగిన పోటీకి భారత జట్టు కెప్టెన్ రజని. 2024 జనవరిలో మస్కట్‌లో మొట్టమొదటి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్ జరిగినప్పుడు కూడా కెప్టెన్ ఆమే. సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించి, ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజతం తెచ్చారు. ఏడు గోల్స్ పడ్డాయని ఎవరైనా అంటే, ఆ రోజు మన దేశపు గోలు దగ్గర నిలబడింది ఎవరని మేం అడుగుతాం.

ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా గురించి కూడా ఒక మాట. రియో వెళ్లిన 16 మందిలో దీప్ గ్రేస్ ఎక్కా, నమితా టొప్పో, సునీతా లక్రా, లిలిమా మింజ్ నలుగురూ ఆ ఒక్క జిల్లా అమ్మాయిలే, ఆదివాసీ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. అక్కడ ఊరూరా హాకీ ఆడతారు. దానికి తోడు ప్రభుత్వ క్రీడా హాస్టళ్లున్నాయి. హాస్టల్ అంటే అక్కడ అన్నం, మంచం, దానితో పాటు కర్ర, మైదానం, కోచ్ కూడా. మన సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది కదా, అక్కడా అంతే. ఎవరో ఒకరు తాడు, బూట్లు, శిక్షణ ఇచ్చారు. పిల్లలో ఉన్నది ఎప్పుడూ ఉంది. మన దగ్గర తక్కువైంది బూట్లు.

అందుకని ఈ ఏడాది మా బ్యాచ్ వాళ్లం తలా కొంత వేసుకున్నాం. ఇరవై కర్రలు, రెండు డజన్ల బంతులు తెచ్చాం. కర్ర వందల్లో దొరుకుతుంది, కీపర్ సామగ్రికి వేలు కావాలి. మాలో కొందరు కీపర్ కిట్ ఒకటి చాలు, మిగిలిన డబ్బుతో వాలీబాల్ నెట్ కొందామన్నారు. మా మేస్త్రీ ఒప్పుకోలేదు. కాళ్ల ప్యాడ్లు, కిక్కర్లు, గ్లౌజులు, ఛాతీ కవచం, గొంతు పట్టీ, హెల్మెట్, అన్నీ రెండేసి జతలు కొన్నాం. హెల్మెట్లు పిల్లల సైజువే, కళ్ల మీదికి జారవు. ఆడాక చెమట ఆరేలా నీడలో పెట్టండి, ఎండలో పెడితే ఫోమ్ పగిలిపోతుంది. స్టోర్ రూములో మాత్రం వేయొద్దు, అక్కడి ఎలుకల సంగతి మాకు తెలుసు. ఆఫీసు గది బీరువాలో పై అర ఖాళీ చేసి ఇస్తామని వార్డెన్ మేడం చెప్పారు.

మే నెల సంగతి కూడా మాట్లాడుకున్నాం. ఏ శిక్షణ శిబిరానికైనా మన హాస్టల్ అమ్మాయి ఎంపికైతే, ఆ నెలలో ఇంటికి రావలసిన కోత కూలిని మా బ్యాచ్ కడుతుంది. కూలి ఎంత, ఎన్ని రోజులు అనే లెక్క మా మేస్త్రీ వేస్తుంది. ఆ ఏడాది తోటల్లో నడుస్తున్న రేటు ప్రకారమే వేస్తుంది, రూపాయి తగ్గించదు. డబ్బు నాన్న చేతికి శిబిరం మొదలయ్యే ముందు రోజే అందుతుంది. ఎంపిక కాగితం వచ్చినవాళ్లు ఏప్రిల్ 10 లోపు వార్డెన్ మేడం దగ్గర పేరు ఇవ్వండి. రెండో గోల్‌కీపర్‌గా ఎంపికైనా సరే, ఇవ్వండి.